పాకం తెలిసిన చేయి

2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన బందరు లడ్డు పేరెత్తితే అందరూ రోకటి పోటునే పొగుడుతారు. నా ఓటు మాత్రం బెల్లం పాకం పట్టే మాస్టరుకే. సముద్రమట్టాన ఉన్న బందరులో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆపైన మంట ఎంత ఎగదోసినా ఆవిరి పెరుగుతుందే గానీ ఉష్ణోగ్రత పెరగదు; ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు. బెల్లం కలిస్తే కథ వేరు. నీరు తగ్గేకొద్దీ పాకం మరిగే హద్దే పైకి జరుగుతుంది. 115 డిగ్రీల ప్రాంతంలో, చన్నీళ్లలో వేసిన చుక్క మెత్తగా ఉండకడుతుంది. థర్మామీటరా? వేళ్లే! పైగా, దించాక కూడా ఇనుప మూకుడులో మిగిలిన వేడి పాకాన్ని ముదురుస్తూనే ఉంటుంది కాబట్టి ఆయన ఓ క్షణం ముందే దించేస్తాడు.