డిటెక్టివ్‌కి ప్రేమ పెట్టే పరీక్ష

డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఈ మూడు పేర్లూ వింటే ఢిల్లీలోని మునిర్కా గల్లీల్లో అద్దె గదుల్లో ఉంటూ పరీక్షలకు చదువుకునే మన తెలుగు పిల్లలకు గుర్తుకొచ్చేది వాళ్ల ఇంట్లో అటక మీది పాత పుస్తకాల కట్టే. కొమ్మూరి సాంబశివరావు ఆ పాత్రలతో ఒక తరాన్ని రాత్రిళ్లు మేలుకోబెట్టారు. యుగంధర్ తెలివికి వంక పెట్టలేం. కానీ హంతకుడు దొరికాక ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టిందా అని ఏ పాఠకుడూ అడగడు. ఆ ప్రశ్నకు కథలో చోటే ఉండదు.

నిద్ర పట్టని డిటెక్టివ్‌ది వేరే సంప్రదాయం. అతను గాయపడ్డవాడు, గడిచిన కాలంవాడు, చివరికి ప్రేమ వల్ల మనిషైనవాడు. ఇలాంటి కథలను కాలక్షేపం కింద తోసేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. వీటిని బాగా రాయడం చాలా కష్టం.

ఎందుకు కష్టమో డొరతీ సేయర్స్ నవలలు చూస్తే తెలుస్తుంది. ఆమె సృష్టించిన లార్డ్ పీటర్ విమ్సీ 1923లో పాఠకుల ముందుకొచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చితికిపోయినవాడు. పైకి వాగుడుకాయ, లోపల పీడకలలు. ఆ కలలు తరుముకొచ్చిన రాత్రి ఆయన్ని పట్టుకుని కూర్చునేది, యుద్ధంలో తన కింద సార్జెంటుగా పనిచేసి ఇప్పుడు సేవకుడిగా ఉన్న బంటర్. 1930లో వచ్చిన ‘స్ట్రాంగ్ పాయిజన్’లో హారియెట్ వేన్ అనే రచయిత్రి, ప్రియుడికి ఆర్సెనిక్ పెట్టి చంపిందన్న నేరం మీద బోనులో నిలబడుతుంది. పీటర్ ఆమెను చూసీ చూడగానే మనసు పారేసుకుంటాడు. జైలుకే వెళ్లి పెళ్లి చేసుకోమంటాడు. కేసు ఛేదించి ఆమెను ఉరికంబం నుంచి తప్పిస్తాడు. అయినా ఆమె కాదంటుంది.

నిజానికి సేయర్స్ ఆ నవలతో పీటర్‌కి పెళ్లి చేసి అతని కథకు మంగళం పాడాలనుకుంది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ప్రాణం నిలబెట్టినవాడు చెయ్యి అడిగితే హారియెట్ అవునన్నా అందులో రుణం ఉంటుంది, కాదన్నా అందులో రుణం ఉంటుంది. ఆ రుణం కరిగేదాకా వాళ్లు సమానులు కాలేరు. అందుకని 1935లో ‘గాడీ నైట్’ వచ్చేదాకా ఆ జంటను ఎదురుచూడనిచ్చింది. అందులో ఆక్స్‌ఫర్డ్‌లోని ఆడవాళ్ల కాలేజీలో జరిగే ఆగడాలను హారియెటే కూపీ లాగుతుంది. ఆమెకు ప్రమాదం ఉందని పీటర్‌కి తెలుసు. ఆపడు. ఎవరైనా గొంతు నులమబోతే అడ్డుపడాలని కుక్కల మెడకు కట్టే తోలు పట్టీ కొనిచ్చి, పని కానివ్వమంటాడు. ఆ పట్టీ కొన్న క్షణంలోనే అతను మారాడని నా నమ్మకం. కాపాడేవాడు పక్కకు తప్పుకుని తోడుగా నిలబడ్డాడు. పెళ్లయ్యాక వచ్చిన 1937 నవల చివర్లో, తను పట్టించిన హంతకుడికి ఉరి పడే తెల్లవారుజామున అతను భార్య ఒడిలో తల పెట్టి ఏడుస్తాడు. ప్రేమ అతని గాయాన్ని మాన్పలేదు. దాచుకోవలసిన అవసరం మాత్రం తీర్చింది.

బెంగాల్లో శరదిందు బంద్యోపాధ్యాయ ఇంకో దారి పట్టారు. ‘అర్థమనర్థం’ కథలో డిటెక్టివ్ బ్యోమకేశ్‌కి సత్యవతి పరిచయమయ్యేది ఒక హత్య కేసులో, ఆమె అన్న మీద అనుమానం పడ్డప్పుడు. నిందితుడి చెల్లెలి మీద మనసుపడ్డవాడు ఆధారాలను సరిగ్గా తూచగలడా? పాఠకుడు ఇప్పుడు డిటెక్టివ్‌నీ కనిపెట్టి ఉండాలి. ఈ సంప్రదాయంలో అసలు కిటుకు అదే: అందరినీ చదివేవాడు తనూ ఒకరి చేత చదివించుకోవాలి.

ఇక చరిత్ర. మధులికా లిడిల్ ఇంగ్లిషులో రాసిన ముజఫ్ఫర్ జంగ్ డిటెక్టివ్ కథలు చాలావరకు మన ఢిల్లీవే. మొదటి నవల 2009లో వచ్చింది, కథాకాలం 1656, షాజహాన్ ఏలుబడి. ముజఫ్ఫర్ అమీరే, కాని అతని స్నేహాలు సామాన్యులతో. బావగారేమో కొత్వాలు. అతనికి ప్రేమ, పెళ్లి కూడా పుస్తకం వెంట పుస్తకంగా నిదానంగా వస్తాయి. ఆ కాలంలో జనానా తెర వెనక ఏం జరిగిందో మగవాడు నేరుగా వెళ్లి అడగలేడు. పరిశోధనకు అడ్డుపడే ఆ తెరే ప్రేమకూ అడ్డు. ఒక్క ఆచారం రెండు కథలనూ బిగిస్తుంది. చారిత్రక నేపథ్యానికి ఇంతకు మించిన ఉపయోగం లేదు. కోటలూ పల్లకీలూ వర్ణించడం ఎవరైనా చేస్తారు.

తెలుగులో అడివి బాపిరాజు చారిత్రక నవల ‘గోన గన్నారెడ్డి’ ఉంది, డిటెక్టివ్ కథలకు కొమ్మూరి ఉన్నారు. ఆ రెండు వరసలూ దాదాపు కలుసుకోలేదు. నాకు ఇది పెద్ద లోటు, ఎందుకంటే కథావస్తువు ఈ ఢిల్లీలోనే పడి ఉంది. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తెస్తుంటే దారిలోనే చనిపోయాడు. ఆ కొలువులో పెద్ద పదవిలో ఉన్న ఒకాయన మాత్రం ఇక్కడికి చేరి, మతం మారి, మక్బూల్ అయ్యాడు. సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరై, ఖాన్-ఇ-జహాన్ తిలంగాణీ అనిపించుకున్నాడు. నిజాముద్దీన్‌లో ఆయన ఎనిమిది పలకల సమాధి ఇప్పటికీ ఉంది. ఫిరోజ్ షా మదర్సా కట్టించిన హౌజ్ ఖాస్ చెరువు మునిర్కా నుంచి నాలుగడుగుల దూరం.

ఆ వజీరు కింద ఓరుగల్లు నుంచి వచ్చిన ఒక మనిషిని ఊహించండి. ఊరు తగలబడటం కళ్లారా చూసినవాడు, పేరు మార్చుకున్నవాడు, ఇప్పుడు హౌజ్ ఖాస్ గట్టున దొరికిన శవం సంగతి తేల్చవలసినవాడు. అతని పాత పేరు తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఒక్కతే ఉంది, ఆమె మీదే అనుమానం. రాసేవాళ్లకు నాది ఒకటే మనవి: అతను ఆమెను నిర్దోషిగా తేల్చిన రోజే పెళ్లి చేసేయకండి. సేయర్స్ లాగా ఆమె చేత కాదనిపించండి, రెండో పుస్తకంలో పరిశోధన ఆమె చేతికివ్వండి.