ఎడమ చేతికి కొత్త చదువు

“స్కూటీ వచ్చినవాళ్లకి బైకు ఎంతసేపక్కా, గేర్లు మార్చడమేగా!” అంటాడు మా తమ్ముడు. బెజవాడలో ఎవర్నడిగినా ఇదే మాట. ఏళ్ల తరబడి బందరు రోడ్డు మీద స్కూటర్ తోలి, ఇప్పుడు గేర్ల బండి క్లాసులో చేరబోతున్నాను కాబట్టి ఈ మాట మీద బాగానే ఆలోచించాను. సగం నిజమే. బెంజి సర్కిల్ దగ్గర ఏ ఆటో ఎప్పుడు ఎడమకి కోస్తుందో, ఆగిన బస్సు ముందు నుంచి మనిషి ఎప్పుడు ఊడిపడతాడో మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. మిగతా సగం ఎడమ చేతి దగ్గరుంది.

స్కూటర్ మీద ఎడమ చెయ్యంటే బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి చిన్న బండ్లకి కంబైన్డ్ బ్రేకు వచ్చాక ఆ ఒక్క లివర్ నొక్కితే రెండు చక్రాలూ పట్టుకుంటున్నాయి. కుక్క అడ్డొస్తే మనం అనుకునేలోపే ఆ చెయ్యి బిగుసుకుంటుంది. గేర్ల బండికి సరిగ్గా అక్కడే క్లచ్చి ఉంటుంది. అదే కంగారులో అదొక్కటే బిగిస్తే బండి ఆగదు సరికదా, ఇంజిను పట్టు కూడా వదిలేసి ముందుకే జారిపోతుంది. ఆపాల్సింది కుడి చెయ్యి, కుడి కాలు. నా కుడి కాలు ఇన్నాళ్లూ రైతు బజారు సంచి పడిపోకుండా చూసుకోవడం తప్ప మరో ఉద్యోగం ఎరగదు.

అందుకే చదువు ఇంట్లోనే మొదలైంది. తమ్ముడి స్ప్లెండర్‌ని వాకిట్లో సెంటర్ స్టాండు వేసి, ఇంజిను ఆపేసి, పైకెక్కి కూర్చుంటాను. ‘కుక్క!’ అనుకుంటాను. ముందు కుడి చెయ్యి, కుడి కాలు కలిసి మెత్తగా దిగాలి. ఎడమ చెయ్యి వాటి వెనక రావాలి. ఆ తర్వాత క్లచ్చి పూర్తిగా లాగి మెల్లగా వదలడం, సగం దాకా వచ్చాక అక్కడే నిలపడం. ఇంజిను నడుస్తున్నప్పుడు క్లచ్చి ప్లేట్లు రాసుకుంటూ బలాన్ని కొద్దికొద్దిగా వెనక చక్రానికి ఇచ్చే చోటు అదే. హాఫ్ క్లచ్చి అంటారు. ఎదురింటి పిన్నిగారు కాసేపు చూసి, “పెట్రోలు దండగ లేకుండా బాగానే తోలుతున్నావమ్మాయ్” అన్నారు.

నవ్వితే నవ్వారు గానీ, అసలు విద్య అక్కడే ఉంది. అమెరికాలో 1973లో పుట్టిన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ తన బేసిక్ కోర్సులో బండిని పరిచయం చేశాక నేర్పే మొదటి పాఠం ఈ హాఫ్ క్లచ్చే. కాళ్లు నేల మీద ఆనించి బండిని కొంచెం కదపడం, ఆపడం. వేగం తర్వాతి సంగతి. మన ఆర్టీఓ ఆఫీసుల్లో వేయించే ఎనిమిదిని చిన్నచూపు చూస్తాం గానీ, కాలు దించకుండా అది తిప్పాలంటే హాఫ్ క్లచ్చి, వెనక బ్రేకు, చూపు మూడూ కలిసి రావాలి. ముందు చక్రం కింద నేలని చూశామో, బండి ఆ నేలకే పోతుంది. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టినా అంతే. నన్నడిగితే అరవైలో పోవడం ఎవరికైనా వస్తుంది. బ్యారేజీ మీద సాయంత్రం పూట ఆటో వెనక నడక వేగంతో, కాలు దించకుండా పోయేవాడే బండి వచ్చినవాడు.

డెల్టాలో ఎత్తులు లేవనుకుంటాం. కంకిపాడు, ఉయ్యూరు వైపు కాలవ వంతెనల దగ్గరికి వెళ్లి చూడండి. పొలాల మట్టం నుంచి గట్టు మీదికి రోడ్డు ఒక్కసారిగా లేస్తుంది, సరిగ్గా ఆ ఎక్కుడులోనే ఎదురుగా ట్రాక్టర్ వస్తుంది. అక్కడ ఆగితే ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉండాలి. క్లచ్చి సగం వదిలి, బండి ముక్కు కొద్దిగా లాగుతున్నట్టు అనిపించాకే బ్రేకు వదలాలి. బ్రేకు ముందే వదిలితే వెనక్కి పోతాం, క్లచ్చి తటాలున వదిలితే ఇంజిను ఆగిపోతుంది.

ఇక సరంజామా. ఏ బండి మీద నేర్పుతారో ముందే అడిగి పెట్టుకోవాలి: స్ప్లెండర్‌కి గేర్లన్నీ ముందుకి నొక్కడమే, చాలా బండ్లకి ఒకటో గేరు కిందికి, మిగతావి పైకి. పాత బుల్లెట్లకైతే గేరు కుడి కాలి కింద ఉండేది, బ్రేకు ఎడమ వైపు! గేరు పైకెత్తేది కాలి వేళ్ల పైభాగం కాబట్టి చెప్పులు పనికిరావు, వేళ్లు మూసుకునే బూట్లే, లేసులు లోపలికి దోపి. జడని ముడి చుడితే హెల్మెట్ పైకి తేలిపోతుంది. కిందికి వదులుగా అల్లి చొక్కా లోపల వేసుకోవాలి. హెల్మెట్ బుగ్గలని కాస్త నొక్కాలి, పట్టీ బిగించాక వెనక నుంచి ఎత్తితే ఊడి రాకూడదు. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి నిబంధన ఉంది, అయినా రోడ్డు పక్క గుట్టల్లో ఏరుకునేవాళ్లు ఏరుకుంటూనే ఉన్నారు. చున్నీ ఇంట్లోనే. వెనక చక్రానికి సగానికి తక్కువ కాకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి, అది వెనక కూర్చునేవాళ్ల బట్టల కోసం. చీర గార్డు అందం తక్కువని పీకించేసే కుర్రాళ్లకి వాళ్లమ్మలే చెప్పాలి.

గేరు లేని బండి లైసెన్సు గేర్ల బండికి చెల్లదు. చట్టంలో అవి రెండు వేరు తరగతులు. కాబట్టి నాకూ మళ్లీ ఎల్ఎల్ఆర్, తెల్ల బోర్డు మీద ఎర్ర ‘ఎల్’. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, కానీ 30 రోజులు దాటితే గానీ టెస్టుకి పిలవరు. ఇప్పుడు నాట్ల కాలం. దమ్ము చేసి పొలం నుంచి వచ్చే ట్రాక్టర్లు తారు రోడ్డు మీద రేగడి బురద పరిచేస్తున్నాయి, చినుకు పడితే అది సబ్బు రుద్దిన బండ. ఆ నెల రోజులూ నేను గ్రౌండు దాటి పొలాల వైపు రానని తమ్ముడికి ముందే చెప్పేశాను.