వేషం వెనుక మనిషి – ‘డాట్ హ్యాక్ సైన్’: ఒక పరిశీలన

పరకాయప్రవేశం మన కథాసంప్రదాయానికి కొత్త కాదు. విక్రమార్కుని కథలలో రాజు తన దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశిస్తాడు. అటుపిమ్మట కథను నడిపించేది ఒకే ఒక్క ఆందోళన. విడిచి వచ్చిన దేహం ఏమవుతుంది? దానికి కాపలా ఎవరు? కంప్యూటర్ ఆటల లోకాన్ని రంగస్థలంగా చేసుకున్న జపాన్ యానిమేషన్ కథలలో తొలితరానికి చెందిన ‘డాట్ హ్యాక్ సైన్’ ఈ పాత ప్రశ్ననే కొత్త పరిస్థితులలో అడిగింది. ప్రసారమై రెండు దశాబ్దాలు దాటిన తరువాత కూడా ఈ ధారావాహిక పునఃపరిశీలనకు అర్హమైనదని భావించడానికి కారణం అదే.

2002 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు టీవీ టోక్యో దీనిని 26 భాగాలుగా ప్రసారం చేసింది. బీ ట్రెయిన్ సంస్థ నిర్మించగా కోయిచి మషిమో దర్శకత్వం వహించారు. రచనలో ప్రధాన బాధ్యత కజునోరి ఇతోది. మమొరు ఒషీ దర్శకత్వంలో వచ్చిన ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ (1995), ‘అవలోన్’ (2001) చిత్రాలకు కూడా ఆయనే రచయిత. పాత్రలకు రూపకల్పన చేసినవారు యోషియుకి సదమోతో. సంగీతం యుకి కజియురా. ఇదే కథాలోకం ఆధారంగా బందాయ్ సంస్థ ప్లేస్టేషన్–2 ఆటల పరంపరను 2002 జూన్‌లో ప్రారంభించింది.

ఆ కాలాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. వేలాది మంది ఒకేసారి పాల్గొనే ‘అల్టిమా ఆన్‌లైన్’ 1997లోనూ, ‘ఎవర్‌క్వెస్ట్’ 1999లోనూ వచ్చాయి. జపాన్‌లో ‘ఫైనల్ ఫాంటసీ–11’ 2002 మే నెలలో మొదలైంది. అంటే ఈ ధారావాహిక తొలి భాగం ప్రసారమైన నెల తరువాత. గదిలోనే తలుపు వేసుకుని ఏళ్ల తరబడి గడిపే యువతను గురించి మనోవైద్యుడు తమాకి సైతో 1998లో గ్రంథం ప్రచురించిన తరువాత ‘హికికొమోరి’ అన్న మాట ఆ దేశంలో విస్తృతంగా చర్చకు వచ్చింది. కొత్త సాంకేతికత పట్ల ఉత్సాహం, కొత్త తరం పట్ల దిగులు ఒకే ఇంట్లో కాపురమున్న రోజులవి.

ఇతివృత్తం సంక్షిప్తంగా ఇది. ‘ద వరల్డ్’ అనే ఆటలో త్సుకాసా అనే యువ మాంత్రికుడు ఒకనాడు కళ్లు తెరుస్తాడు. ఆటను ముగించి బయటికి వెళ్లే మార్గం అతనికి మూసుకుపోయింది. ఇతరులకు తెర మీది బొమ్మగా మాత్రమే ఉన్న లోకం అతనికి స్పర్శగా, నొప్పిగా అనుభవానికి వస్తుంది. బయట, ఒక ఆసుపత్రిలో అతని అసలు దేహం స్పృహ లేకుండా పడి ఉంటుంది. ఆ మగవేషం వెనుక ఉన్నది తల్లిని కోల్పోయి, తండ్రి చేతిలో హింసకు గురైన ఒక బాలిక అని క్రమంగా తెలుస్తుంది. పద్మవ్యూహంలో అభిమన్యునికి బయటపడే ఉపాయం తెలియదు; త్సుకాసాకు బయటపడాలన్న కోరికే లేదు. ధారావాహిక బలమంతా ఈ ఒక్క భేదంలో ఉంది. ఆ బాలిక ఆటలోకి పారిపోయి వచ్చింది. వచ్చిన తరువాత ఆ ఆశ్రయమే చెరగా మారింది.

పరిపాలనతో పరిచయమున్న పాఠకులకు ఇందులో మరింత ఆసక్తి కలిగించేది ‘క్రిమ్సన్ నైట్స్’ అనే దళం. ఆటగాళ్లు తమంతట తాముగా ఏర్పరచుకున్న సంస్థ ఇది. ఆట నడిపే కంపెనీ దీనికి ఏ అధికారమూ ఇవ్వలేదు. కానీ క్రమక్రమంగా హోదాలు ఏర్పడ్డాయి, ఆజ్ఞలు వెలువడ్డాయి, విచారణలు మొదలయ్యాయి. నియమాలకు విరుద్ధమైన శక్తులు త్సుకాసా వెంట కనిపించగానే దళం అతనిని అపరాధిగా పరిగణించి వెంటాడుతుంది. దళంలోని ముఖ్యుడు గిన్‌కాన్ దుర్మార్గుడు కాడు. నియమం సడలితే మొదట నష్టపోయేది బలహీనుడేనని అతని వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. అయితే నియమాన్ని మాత్రమే చూసే కంటికి ముందుగా కనబడేది ఉల్లంఘన; ఉల్లంఘించినవాడు బాధలో ఉన్నాడా అన్న ప్రశ్న ఎన్నటికో గాని తట్టదు.

దళనాయిక సుబారు ఆ ప్రశ్న వేసుకుంటుంది. బయటి ప్రపంచంలో ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైన యువతి. త్సుకాసా పక్కన కూర్చుని అతను చెప్పేది వినడంతో ఆమె అవగాహన మారుతుంది. చివరకు తానే నెలకొల్పిన దళాన్ని తానే రద్దు చేస్తుంది. స్వయంగా ఏర్పరచిన సంస్థ ఏ ఉద్దేశంతో పుట్టిందో దానికే అడ్డుగా నిలిచినప్పుడు నాయకత్వం ఏమి చేయాలి? చరిత్ర విద్యార్థికి ఈ ప్రశ్న ఎన్నో రూపాలలో పరిచితమే. ఒక ఆటకథ దానిని ఇంత గంభీరంగా ఎత్తుకోవడం విశేషం.

మరొక ముఖ్యపాత్ర బేర్. ఖడ్గం ధరించిన యోధుని వేషమే గాని వేషం వెనుక ఉన్నది నడివయసు దాటుతున్న ఒక రచయిత; కన్నకొడుకుతో అనుబంధం తెగిపోయిన తండ్రి. త్సుకాసా ఎవరో, ఏ ఊరిలో ఏ ఆసుపత్రిలో ఉన్నాడో వెతికి తెలుసుకునేది అతడే. చివరకు ఆ బాలిక సంరక్షణ బాధ్యత స్వీకరించడానికి ముందుకు వస్తాడు. ఆట లోపల ఎన్ని అద్భుతాలు జరిగినా ఆ పిల్లకు నిజంగా దారి చూపేది బయట ఒక పెద్దమనిషి తీసుకున్న ఈ నిర్ణయమే. తిరిగి రమ్మని పిలిచేవారు, తిరిగి వస్తే ఉండడానికి ఒక చోటు చూపాలి. ఈ సత్యాన్ని రచయిత ఉపన్యాసంగా గాక పాత్ర నడవడిగా చూపించారు.

లోపాలు లేకపోలేదు. కథనం చాలా మందగమనం. ‘సంధ్య తాళపుచెవి’ కోసం సాగే అన్వేషణ నడుమ భాగాలలో చెప్పిన మాటే చెబుతూ తిరుగాడుతుంది. కాలువల నగరం మాక్ అను వంతెనల మీద పాత్రలు నిలబడి చేసే సంభాషణలు కొన్ని హృద్యమైనవే, కొన్ని మాత్రం కథను ఒక్క అడుగైనా ముందుకు నడపవు. కజియురా సంగీతం మనోహరమే అయినా అక్కడక్కడ మాటలను కప్పివేస్తుంది. ఆటలో నిద్రిస్తున్న ఔరా అనే బాలిక కథ ముగియకుండానే మిగిలి, ప్లేస్టేషన్ ఆటలలో కొనసాగుతుంది. ఆట కొనని ప్రేక్షకునికి ఆ మేరకు కొరత తప్పదు. ఇది కళాదృష్టి కంటే వ్యాపారదృష్టి చేసిన నిర్ణయం. అన్నిటికంటే ముఖ్యంగా, హింసించిన తండ్రిని గాని, అది కనిపెట్టలేకపోయిన చుట్టుపక్కల సమాజాన్ని గాని రచయిత లోతుగా పరిశీలించలేదు. బేర్ వంటి ఒక దయామయుడు దొరకడం అదృష్టం. అదృష్టం మీద ఆధారపడిన రక్షణ ఎందరు పిల్లలకు అందుతుంది?

దీని తరువాత వచ్చిన రచనలలో బహుళ ప్రజాదరణ పొందినది ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’. రెకి కవాహారా నవలల ఆధారంగా 2012లో యానిమేషన్‌గా వెలువడిన ఈ కథలో ఆట సృష్టికర్త పదివేల మంది ఆటగాళ్లను బంధిస్తాడు. లోపల మరణిస్తే బయట కూడా మరణమే. నూరు అంతస్తులు జయిస్తేనే విముక్తి. ఉత్కంఠకు ఇది అనువైన ఏర్పాటు. అక్కడ శత్రువు ఎవరో తెలుసు, గెలుపు ఏమిటో తెలుసు. ‘డాట్ హ్యాక్ సైన్’లో కూడా ఒక అదృశ్యశక్తి త్సుకాసా నిరాశను పెంచి పోషిస్తుంది. కానీ ఆ శక్తి నాటిన విత్తనం ఇంట్లో మొలకెత్తినదే. కత్తితో నరకదగిన శత్రువు లేనప్పుడు కథకుడు మాటను, మౌనాన్ని, ఓర్పును ఆశ్రయించవలసి వస్తుంది. ఈ ధారావాహిక మందగమనానికి కొంత సమర్థన ఇక్కడ లభిస్తుంది.

చివరి భాగంలో త్సుకాసా బయటికి వస్తాడు. లేదా, ఆ బాలిక బయటికి వస్తుంది. ఆమె, సుబారు వేషాలు లేకుండా ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటారు. మాంత్రికుని దండం లేదు, నాయిక గొడ్డలి లేదు. ఒకరి వెనుక ఆసుపత్రి, మరొకరి కింద చక్రాల కుర్చీ. ఆటలోని ఏ మైదానంకన్నా కఠినమైన లోకమే అది. అయినా ఆమె వచ్చింది, ఎదురుచూసే మనిషి ఒకరున్నారని తెలిసి వచ్చింది. తెర ముందు గంటలు గడిపే పిల్లలను గురించి మనం ఈనాడు చేస్తున్న చర్చలలో తరచు వినిపించే మాట, వారిని అక్కడినుంచి ఎలా లేపాలన్నది. లేచి వచ్చిన పిల్లకు ఇంట్లో ఏమి ఎదురవుతుందన్నది కూడా విచారించవలసిన విషయమని 2002 నాటి ఈ ధారావాహిక మనకు గుర్తుచేస్తుంది.