గాలిపటం కింద మాంజా

మా ఇంటిపేరు పఠాన్. మా తాతల తాత కడప నవాబుల కొలువులో సిపాయి అని ఇంట్లో చెప్పుకుంటారు. కడపనేలిన మియానాలూ, కర్నూలునేలిన పన్నీలూ పఠాన్లే కాబట్టి నిజమే కావొచ్చు. మా నాయన మాత్రం జీవితమంతా సైకిళ్లకు పంక్చర్లు వేశాడు. మాకు పష్తో ఒక్క ముక్క రాదు. కాబూల్ ఏ దిక్కున ఉందో పటం చూసి చెప్పాల్సిందే. అయినా అఫ్ఘానిస్తాన్ పేరు పేపర్లో పడినప్పుడల్లా సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మేమే.

ఒక సాహిత్య సమావేశంలో ఖాలిద్ హొస్సేనీ నవల 'ది కైట్ రన్నర్' గురించి మాట్లాడి వచ్చి కూర్చున్నాను. టీ తాగేటప్పుడు ఒక మిత్రుడు, మంచివాడే, అభ్యుదయవాదే, భుజం మీద చెయ్యేసి అడిగాడు. "నవల చదివి ఏడ్చాను భాయ్. కానీ ఒకటి చెప్పు. మీవాళ్లు మీవాళ్లనే ఎందుకిట్లా తరిమేసుకుంటారు? మీ మతంలోనే ఏదన్నా ఉందా?"

ఆ ప్రశ్నలో ద్వేషం లేదు. అందుకే అప్పుడు నోరు పెగల్లేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే అది అతనొక్కడి ప్రశ్న కాదు. ఆ నవల చదివిన లక్షలమంది చేతుల్లో ఆ నవలే పెట్టి పంపిన ప్రశ్న.

ముందు నవలకివ్వాల్సిన గౌరవం ఇద్దాం. 2003లో వచ్చిన ఈ పుస్తకం మన పెద్దలు చాలామంది కప్పిపుచ్చిన సంగతిని బయటపెట్టింది. అమీర్ పష్తూన్, సున్నీ, దొరబిడ్డ. హసన్ హజారా, షియా, ఆ ఇంటి నౌకరు కొడుకు. ఇద్దరూ ఒక ఇంట్లో పెరిగారు, ఒకే దాది పాలు తాగారు. 1975 చలికాలంలో తెగిన గాలిపటం కోసం పరిగెత్తిన హసన్ మీద సందులో అత్యాచారం జరుగుతుంటే అమీర్ చూసి పారిపోతాడు. ముసల్మానులందరూ ఒక్కటే అని మేం పండగపూట చెప్పుకునే మాట ఆ సందులో కూలిపోతుంది. కులం లేదనుకున్న చోట కులంలాంటిది ఉందని ఒప్పుకునే ధైర్యం ఆ రచయితకుంది. మాలో అష్రాఫ్ ఎవరు, దూదేకుల ఎవరు అని అడగడం మొదలుపెట్టిన మాకు ఆ ధైర్యం విలువ తెలుసు.

అయితే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? తండ్రి గదిలో దొరికిన ఓ పాత చరిత్ర పుస్తకంలో అమీర్ హజారాల ఊచకోత గురించి చదువుతాడు. టీచర్నడిగితే షియాల గురించి వెటకారంగా మాట్లాడి వదిలేస్తాడు. నవల కూడా దాదాపు అక్కడే వదిలేస్తుంది. మనం ఇంకొంచెం తవ్వుదాం.

హజారాల మీద యుద్ధం చేసినవాడు అమీర్ అబ్దుర్ రహ్మాన్. 1891 నుంచి 1893 దాకా సాగిన ఆ యుద్ధంలో హజారాలు కాఫిర్లని ముల్లాలచేత ఫత్వా ఇప్పించాడు. వేలమందిని చంపించాడు, ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మించాడు. బతికినవాళ్లు క్వెట్టాకూ మష్హద్‌కూ పారిపోయారు. అఫ్ఘాన్ల తొలి పెద్ద వలసల్లో అదొకటి. ఫత్వా మీద సంతకం మతానిది, నిజమే. కానీ ఖాళీ అయిన పచ్చికబయళ్లు దక్కింది పష్తూన్ సంచార తెగలకు. ఆ అమీరుకు ఏటా 12 లక్షల రూపాయలు ఇస్తున్నది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం. 1893లో డ్యూరాండ్ గీత గీసి పష్తూన్లను రెండు ముక్కలు చేసినప్పుడు ఆ మొత్తాన్ని 18 లక్షలు చేశారు. రాజ్యానికి భూమి కావాలి, సామ్రాజ్యానికి సరిహద్దు కావాలి. మతం ఆ కాగితాల మీద ముద్ర అయింది. ముద్ర వేసినవాళ్లను వదిలేయమని అనడం లేదు. కాగితం రాసినవాళ్లను కూడా చదవమంటున్నాను.

ఇక నవలలో రెండో వలస. 1981లో బాబా, అమీర్ కాబూల్ వదులుతారు. పెట్రోల్ ట్యాంకర్ లోపల చీకట్లో, ఊపిరాడక, సరిహద్దు దాటతారు. ఒళ్లు జలదరించే ఘట్టం. ఆ అధ్యాయం అయిపోయి తర్వాతి అధ్యాయం తెరిస్తే కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్! పెషావర్ రోజులు ఒకటి రెండు మాటల్లో పోతాయి. 1990 నాటికి పాకిస్తాన్, ఇరాన్‌లలో కలిపి 60 లక్షలకు పైగా అఫ్ఘాన్ శరణార్థులున్నారు. వాళ్లలో వీసా దొరికి అమెరికా చేరింది పిడికెడు మంది. నవల ఆ పిడికెడు మందిదే. హొస్సేనీ తండ్రి దౌత్యాధికారి. 1976లోనే కుటుంబం పారిస్ వెళ్లింది, 1980లో అమెరికాలో ఆశ్రయం పొందింది. తనకు తెలిసిన బతుకు రాశాడు, తప్పుపట్టను. కానీ ఆ రెండు అధ్యాయాల మధ్య దూకిన చోటే నా మిత్రుడి ప్రశ్నకు జవాబుంది.

ఆ గుడారాల్లో ఏం జరిగింది? 1980లలో పాకిస్తాన్‌కు వచ్చిన శరణార్థి, ఆ ప్రభుత్వం గుర్తించిన ఏడు ముజాహిదీన్ పార్టీల్లో ఏదో ఒకదానిలో పేరు రాయించుకోవాలి. అప్పుడే రేషన్. ఏడూ సున్నీ పార్టీలే. పష్తూన్ జాతీయవాదులకు అందులో చోటు లేదు. ఎందుకు? 1947లో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ చేరికకు వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక దేశం అఫ్ఘానిస్తాన్. కారణం ఆ డ్యూరాండ్ గీతే. శరణార్థి "నేను పష్తూన్‌ని" అంటే జియా ఉల్ హక్ సరిహద్దు చెరిగిపోతుంది. "నేను ముజాహిద్‌ని" అంటే నిలబడుతుంది. అందుకే మతానికి రేషనిచ్చాడు. డబ్బు అమెరికాదీ, సౌదీదీ. అమెరికా ప్రభుత్వ సాయంతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పష్తో, దరీ భాషల్లో తయారుచేయించిన బడిపుస్తకాల్లో పిల్లలు తూటాలతో, తుపాకులతో లెక్కలు నేర్చుకున్నారు. ఆకలిగా ఉన్న పిల్లవాడి పలకమీద తూటా బొమ్మ గీసి, వాడు పెద్దయ్యాక "మీ మతంలోనే ఏదో ఉంది" అంటే ఎట్లా?

నవలలో ఒక చిన్న వివరం ఉంది. బాబా రీగన్ ఫోటో కొని, ఫ్రేమ్ కట్టించి, జహీర్ షాతో తాను చేయి కలిపిన ఫోటో పక్కన తగిలిస్తాడు. రచయిత దాన్ని ప్రేమగా, కాస్త నవ్వుతూ చెబుతాడు. అదే రీగన్ 1983లో ముజాహిదీన్లను వైట్ హౌస్‌కు పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఆ గోడమీది ఫోటోకీ, కాబూల్‌లో కూలిన గోడలకీ మధ్య ఉన్న మాంజా నవలలో కనిపించదు. గాలిపటం ఒక్కటే కనిపిస్తుంది.

ఆ చరిత్ర లేని లోటును పూరించేవాడు ఆసిఫ్. చిన్నప్పుడు హిట్లర్ భక్తుడు, సగం జర్మన్, పెద్దయి తాలిబాన్. పగలు స్టేడియంలో రాళ్లేస్తాడు, రాత్రి పిల్లల్ని చెరుస్తాడు. ఇంత దుర్మార్గుడు దొరికాక పాఠకుడికి ఇంకేమీ అడగాలనిపించదు. తాలిబాన్ ఒక వ్యవస్థగా పుట్టలేదు, ఒక పిశాచంగా పుట్టింది. పిశాచం కన్ను సొహ్రాబ్ వడిసెల రాయితో పోతుంది, కథ తీరుతుంది. నవలలో ఇస్లాంకు రెండే చోట్లు: ఆ స్టేడియం, ఆస్పత్రి వరండాలో దుప్పటి పరిచి అమీర్ ఒంటరిగా చేసే సజ్దా. ఆ సజ్దా నన్ను కదిలించింది. కానీ ఒకచోట మతం హంతకుడిది, ఇంకోచోట ఒంటరివాడి కన్నీరు. మధ్యలో కోట్లమంది మామూలు ముసల్మానులు ఎక్కడ?

మతంలో ఏముందని అడిగారు కదా, చెబుతాను. మా సంవత్సరాల లెక్క ప్రవక్త పుట్టుకతో మొదలుకాదు, గెలుపుతో మొదలుకాదు. 622లో ఊరు వదిలి మదీనా వెళ్లిన రోజులతో, హిజ్రత్‌తో మొదలవుతుంది. అంతకుముందే మక్కాలో బతకలేక పారిపోయిన తొలి ముసల్మానులకు ఆశ్రయమిచ్చింది అబిసీనియా క్రైస్తవ రాజు నజాషీ. వచ్చినవాడు ముహాజిర్, చోటిచ్చినవాడు అన్సార్. ఆ మాటల్ని నమ్మి 1920లో, ఖిలాఫత్ రోజుల్లో, సింధ్ నుంచీ పంజాబ్ నుంచీ వేలాదిమంది ఇల్లూ పొలం అమ్ముకుని అఫ్ఘానిస్తాన్‌కు హిజ్రత్ కట్టారు. రమ్మన్న అమానుల్లా ఆగస్టులో తలుపు మూశాడు. ఖైబర్ దారిలో ఎందరో చచ్చిపోయారు, మిగిలినవాళ్లు చేతులూపుకుంటూ తిరిగొచ్చారు. 1980లలో అఫ్ఘాన్లను ముహాజిర్లని పిలిచి అక్కున చేర్చుకున్న పాకిస్తాన్, 2023లో కాగితాల్లేనివాళ్లంతా నవంబర్ 1 లోపు పొమ్మంది. 2025లో ఇరాన్ లక్షలమందిని వెనక్కి తోలింది. ఖురాన్ మారలేదు, కిబ్లా మారలేదు. రాజ్యాల అవసరం మారింది. రమ్మన్నప్పుడూ మతమే, పొమ్మన్నప్పుడూ అదే మతం. అలాంటప్పుడు కారణం మతమొక్కటే ఎట్లా అవుతుంది?

ఇక మావైపు తిరుగుతాను. అంతా అమెరికా చేసింది, రష్యా చేసింది అని చేతులు దులుపుకునేవాళ్లు మాలో ఉన్నారు. చిన్నప్పుడు మా మసీదులో అఫ్ఘాన్ జిహాద్ కోసం దువా చేయడం నాకు గుర్తు. 1993లో కాబూల్ అఫ్షార్‌లో ముజాహిదీన్లే హజారాలను చంపినప్పుడు మేం దువా చేయలేదు. 1998లో మజారె షరీఫ్‌లో తాలిబాన్లు ఇల్లిల్లూ వెతికి హజారాలను చంపినప్పుడూ చేయలేదు. 2001లో హిందువులు పసుపు గుర్తు పెట్టుకు తిరగాలన్నప్పుడు మాలో ఎంతమంది నోరు విప్పారు? 2021 ఆగస్టులో తాలిబాన్ మళ్లీ వచ్చాక ఆడపిల్లల హైస్కూళ్లు మూసేస్తే, 2022 సెప్టెంబర్‌లో పరీక్ష రాస్తున్న హజారా ఆడపిల్లల మధ్య బాంబు పేలితే, అది మా బాధ అని ఎంతమందిమి అన్నాం? ఇక్కడ మైనారిటీగా న్యాయం అడిగే మేం, అక్కడి మైనారిటీ దగ్గర మెజారిటీలాగా మౌనంగా ఉంటే, మా అస్తిత్వవాదం సగమే.

మా మిత్రులకూ ఒక మాట. 2019 డిసెంబర్‌లో మన పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టం చేసింది. 2014 చివరిలోపు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకు దారి తెరిచింది. కాబూల్ సిక్కుకి చోటు దొరకాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మజార్‌లో షియా అయినందుకే ప్రాణాలు పట్టుకుని పారిపోయినవాడు ఢిల్లీ చేరి ఉంటే, ఆ జాబితాలో లేడు. కన్నీళ్లను మతంతో వడపోయడం పెషావర్ రేషన్ క్యూలో మొదలైన పద్ధతి. మన గజెట్‌లోనూ కనిపించింది.

కాబట్టి భాయ్, ఆ నవల మళ్లీ చదువు. ఏడుపొస్తే ఏడువు, నేనూ ఏడ్చాను. కానీ ట్యాంకర్ ఆగిన పేజీ దగ్గర నువ్వూ ఆగు. వెంటనే ఫ్రీమాంట్‌కు పోకు. దిగి, ఆ గుడారాల మధ్య కాసేపు నిలబడు. క్యూలో ఉన్న మనిషిని ఏ పార్టీ అని అడుగుతున్నవాడెవడో, ఆ గోధుమపిండికి డబ్బు కట్టినవాడెవడో చూడు. ఏడు పార్టీల్లో దేనిలోనూ పేరు లేక క్యూ బయట నిలబడ్డ హసన్‌లాంటి మనిషిని కూడా చూడు. ఆ తర్వాత నీ ప్రశ్న మళ్లీ అడుగు. నేనూ నీతో కలిసి అడుగుతాను.