వర్ణమా? ఛాయయా?

ప్రకృతిదృశ్యముల ఛాయాచిత్రములలో నలుపు తెలుపులే ఉత్తమకళ యనియు, రంగులు పామరరంజకములనియు చదువుకొన్నవారిలో ఒక యభిప్రాయము నాటుకొని యున్నది. ఇది విచారింపదగినది.

అమెరికా దేశీయుడైన ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్ నెలలో యోసెమిటీ లోయయందలి హాఫ్ డోమ్ అను మహాశిలను చిత్రించెను. అప్పటి కాతనికడ రెండు గాజుపలకలే మిగిలి యుండెను. మొదటిదానిని పసుపు ఫిల్టరు పెట్టి తీసెను. ఆ శిల తన మనసున కలిగించిన గాంభీర్యము అందు రాదని తోచి, రెండవదానికి ముదురెరుపు ఫిల్టరు తగిలించెను. అది నీలకాంతి నడ్డగించుటచే ఆకాశము కారునలుపయ్యెను. శిల దాని యెదుట నిటారుగా లేచి నిలిచెను. కావున నలుపు తెలుపు చిత్రమనగా రంగు తీసివేసిన చిత్రము కాదు, అనువాదము. ఏ వర్ణము ఏ ఛాయ కావలెనో చిత్రకారుడు ముందే నిర్ణయింపవలెను. నేడు మీట నొక్కి రంగు తుడిచి, కళ యని మురియువారు ఈ శ్రమ నెరుగరు.

అనువాదమున కొంత పోవుటయు కలదు. గుంటూరు సీమలో పండిన మిరపచేను చూడుడు. పండు ఎరుపు, ఆకు పచ్చన. కంటి కెంత విరుద్ధములు! వాని ప్రకాశము సమానమైనచో ఫిల్టరు లేని నలుపు తెలుపు చిత్రమున రెండును ఒకే బూడిదవన్నె యగును. చేను మిగులును, పంట కానరాదు.

గంగాతీరమును రంగులలో చూపిన రఘుబీర్ సింగ్ (1942–1999), వర్ణమే భారతీయదృష్టికి సహజమని వాదించెను. నాకది సగమే సమ్మతము. మన భువనగిరి ఏకశిలను సాయంకాలపు టేటవాలు వెలుగున తీయువానికి బండ గరుకుదనము, నీడల లోతు చాలును. రంగు అచట అడ్డము. ఆతడే మరునాడు మిరపచేనికి పోయెనా, రంగులు వాడవలసినదే.