మోసేవాడు దించలేదు

మైలాపూరు మాడవీధిలో తెల్లవారకముందే పుడతావు నువ్వు, దండా! తడిపిన గోనె మీద మల్లెమొగ్గల కుప్ప, పక్కన నానిన అరటినార. పూలమ్మి చూపు ఎదుటి మనిషి కబుర్ల మీదే. వేళ్లు మాత్రం ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు పెట్టి ముడి బిగిస్తూనే ఉంటాయి. మోచేతి నుంచి వేలికొస దాకా ఒక మూర. ఇన్నేళ్లలో నా తెలుగు పూలబేరం దగ్గర ఇబ్బంది పడిందే లేదు. తమిళుల మల్లిగై మన మల్లె, వాళ్ల ముళం మన మూర.

నిన్ను మూరల్లో కాక బారల్లో చూడాలంటే ఎగ్మూరు మ్యూజియానికి పోవాలి. అమరావతి మహాస్తూపం చుట్టూ నిలిచిన ప్రాకారానికి తలపాగాలా ఉండేది ఉష్ణీషం, పైవరుస రాతిదూలం. అక్కడున్న దాని ముక్కల మీద కొండచిలువలా లావెక్కి పాకుతావు. ఒకడి భుజం మీద లేస్తావు, ఇద్దరి నడుమ జారతావు, మళ్లీ లేస్తావు. నీ బరువుకు వాళ్ల నడుములు వంకర తిరిగాయి. పలనాటి సున్నపురాయిలో పువ్వు ఇంత బరువని ఏ శిల్పి తూచి చూశాడో!

ఆ రాళ్లు చెక్కిన రోజుల్లోనే రోమువాళ్లూ నిన్ను మోశారు. చలువరాతి శవపేటికల మీద బొద్దు పసివాళ్లు నిన్ను ఎత్తుకున్నారు. అంతకుముందే, క్రీ.పూ. 9లో అంకితమైన అగస్టస్ శాంతివేదిక లోపలి గోడల మీద, ఆకులతో పళ్లతో బరువెక్కి ఎద్దు పుర్రెల మధ్య వేలాడావు. పుర్రె పక్కన పూలమాలేమిటని మైలాపూరు కపాలీశ్వరుడి ఊరివాళ్లం మేం అడగం.

రోము నుంచే కృష్ణాతీరానికి వచ్చావంటారు కొందరు. టాలమీ 2వ శతాబ్దపు భూగోళంలో మన ఘంటసాల కంటకొస్సిలగా ఉంది. మైలాపూరేనని పండితులు పోల్చిన మలియార్ఫా కూడా ఉంది. మన నేలలో రోమను నాణేలు దొరికాయి. ఓడలు నడిచిన మాట నిజమే. నీ రూపం ఓడ దిగిందేమో కూడా. కానీ బరువుకు వంగిన ఆ మోకాలు, నన్నడిగితే, కావడి మోసినవాడిది.

1797లో సర్వేయరు మెకంజీ దొర అమరావతి దిబ్బను చూసేనాటికే దాన్ని తవ్వేస్తున్నారు. నీలో కొంత సున్నపుబట్టీలో కాలింది. తెల్లబడి ఏ గోడకెక్కావో, ఏ తాంబూలంలో ఎర్రబడ్డావో! కొంత 1859లో లండనుకు తరలింది. ఇంకొంత ఇక్కడ, ఎగ్మూరులో, ఈ ఎర్ర భవనాల మధ్య.

పొద్దున కొన్న మూరెడు మల్లెలు అరటాకులో చుట్టి సంచిలో పెట్టుకుని నీ ముందు నిలబడ్డాను. మధ్యాహ్నపు ఉక్కకు అవి అప్పుడే వాసన వేస్తున్నాయి. రాయి విరిగిన చోట నువ్వు వంపు మధ్యలోనే ఆగిపోయావు. అందుకోవలసిన అవతలి భుజం ఎక్కడుందో. ఇవతలివాడు మాత్రం ఇంకా దించలేదు.