నేల పట్టు

నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా కువైట్‌లోని జహ్రా చుట్టూ ఎడారంతా గుడారాలే. చలికాలం గడపడానికి కువైటీ కుటుంబాలు బర్‌కు, అంటే ఎడారికి, తరలిపోతాయి. వాళ్ళ వెంట సామాను, నీళ్ళు, పిల్లలు, వంటమనిషి, వీళ్ళందరినీ మోసుకెళ్ళే హౌస్ డ్రైవరు. ఆ డ్రైవర్లలో మన రాయచోటి, రాజంపేట వైపు కుర్రాళ్ళు ఎందరో. ఊళ్ళో ఆటోనో ట్రాక్టరో నడిపిన చేతికి ఇక్కడ రెండున్నర టన్నుల బండి తాళం అందుతుంది. తారు మీద దాన్ని నడపడం త్వరగానే అలవాటవుతుంది. ఇసుకలో నడపడం మాత్రం వేరే విద్య.

ఏటా సీజన్ మొదట్లో ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బండి దిగబడిపాయ." పోయి చూస్తే వెనక చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో ఉంటాయి, పిల్లోడి కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

"తొక్కాకు రా, దిగు ముందు."

"తొక్కితే లేస్తాది గదన్నా?"

"లేయదు. ఇంకా లోపలికి పోతాది."

ఎందుకు లేయదు? ఇంజను ఒక్కటే బండిని ముందుకు తోయలేదు. అది చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నేలను వెనక్కి నెడుతుంది, అప్పుడు నేల బండిని ముందుకు నెడుతుంది. 1687లో న్యూటన్ రాసిన మూడో నియమం ఇదే. మనకు చర్యా ప్రతిచర్యా అని బడిలో చెప్పారు. తారు ఆ నెట్టుడికి కదలకుండా నిలబడుతుంది కాబట్టి బండి కదులుతుంది. ఇసుక నిలబడదు, తానే వెనక్కి జారిపోతుంది. చక్రం ఎంత జోరుగా తిరిగితే అంత ఇసుకను తవ్వి అవతల పోస్తుంది. బండి కింద గుంత, ముందు గట్టు.

అందుకే మొదటి పని టైర్లలో గాలి తీయడం. వాల్వు మూత విప్పి, పుల్లతో నొక్కి పట్టుకుంటే గాలి బుస్సున పోతుంది. కాసేపటికి టైరు పక్కలు ఉబ్బి, అడుగు భాగం ఇసుక మీద పరుచుకోవడం కంటికే కనబడుతుంది. గేజీ పెట్టి 35 పీఎస్‌ఐ నుంచి 17 దాకా దించుతాను. లెక్క చూడండి. రెండున్నర టన్నుల బండిలో ఒక్కో టైరు మీద 625 కిలోలు. 35 మీద టైరు నేలకు ఆనేది సుమారు 250 చదరపు సెంటీమీటర్లు, 17 మీద 500 పైచిలుకు. బండి బరువు తగ్గలేదు, ఆ బరువు పరుచుకునే చోటు రెట్టింపయింది. ఇసుక మీద ఒత్తిడి సగానికి పడిపోయింది. చక్రాల ముందున్న ఇసుక చేత్తో తీసి, స్టీరింగు తిన్నగా పెట్టి, మెల్లగా కదిలిస్తే చాలాసార్లు బండి దానంతట అదే పైకొస్తుంది. ఆపేటప్పుడు బ్రేకు తొక్కకూడదు. తొక్కితే చక్రాల ముందు ఇసుక పోగుపడుతుంది. పల్లం వైపు దానికదే ఆగనివ్వాలి. తారెక్కగానే మళ్ళీ గాలి నింపాలి, ఇందులో బద్ధకం పనికిరాదు. గాలి తక్కువున్న టైరు వేగంలో వేడెక్కి పగిలిపోతుంది. ఎండాకాలమైతే మరీ ముప్పు: 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైన మిత్రిబా మన జహ్రా గవర్నరేటులోనిదే.

తారు మీదా సంగతి ఇంతే, వేగం వల్ల మనం మరిచిపోతాం. జహ్రా నుంచి పడమరగా సాల్మీ సరిహద్దుకు పోయే రోడ్డు మీదికి వాయవ్యపు గాలి ఇసుక తెచ్చి పోస్తుంది. పలచటి పొరే, దూరానికి కనబడదు. దాని మీద బ్రేకు వేస్తే గోళీల మీద అడుగు పెట్టినట్టే. ఎండాకాలం తర్వాత పడే మొదటి వానా అంతే ప్రమాదం. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము తడిసి రోడ్డు నున్నబడుతుంది. పొడి తారు మీద 60లో పోయే బండి బ్రేకు పడ్డాక దాదాపు 20 మీటర్లలో ఆగుతుంది. 120లో 40 సరిపోదు, 80 కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. నేల పట్టు సగానికి తగ్గితే ఆ 80 కాస్తా 160. పైగా కన్ను చూసి కాలు బ్రేకు మీదికి పోయే సెకనులోనే 33 మీటర్లు దాటిపోయి ఉంటాం.

బ్రేకు వేసినా బండి అంత దూరం పోయేది జడత్వం వల్ల: కదిలేది కదులుతూనే ఉండాలని చూస్తుంది. ఈ ఆలోచన న్యూటన్‌తో మొదలవలేదు. విసిరిన వస్తువుకు శూన్యంలో అడ్డేమీ లేకపోతే దాని కదలిక ఆగదని ఇబ్న్ సీనా పదకొండో శతాబ్దంలోనే వాదించాడు. పదిహేడో శతాబ్దపు మన తెలుగు తార్కికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహం అనే పుస్తకంలో వేగాన్ని ఒక సంస్కారంగా, అంటే వస్తువులో ఉండే ఒక గుణంగా లెక్కపెట్టాడు, గురుత్వాన్ని వస్తువు మొదటిసారి పడడానికి కారణమన్నాడు. న్యూటన్ దీన్ని లెక్కకు తెచ్చాడు. మన కడప కుర్రాళ్ళకు ఇంగ్లీషు పుస్తకం ద్వారానే ఇదంతా రావాలని లేదు.

నీళ్ళ ట్యాంకరు నడిపేవాళ్ళకు జడత్వం ఇంకా బాగా తెలుసు. నిండు ట్యాంకరు కన్నా సగం నిండినదే మొండిది. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, లోపలి నీళ్ళు ఆగవు. ముందుకొచ్చి గోడను గుద్దుతాయి. మలుపులో పక్కకు ఒరుగుతాయి. ట్యాంకు లోపల అడ్డు పలకలు పెట్టేది అందుకే.

బండిలో కూర్చున్న మనుషులదీ ఆ నీళ్ళ పరిస్థితే. 50 వేగంలో గుద్దుకుని సెకనులో పదో వంతులో బండి ఆగిందనుకోండి. ఒళ్ళో ఉన్న 10 కిలోల బిడ్డను పట్టి ఉంచడానికి 140 కిలోలు మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. 60లో గోడను గుద్దడమంటే 14 మీటర్ల ఎత్తు నుంచి పడడం.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు నా మాట ఒక్కటే. వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు బెల్టు పెట్టందే బండి కదిలించకండి. ఇంటి యజమానురాలు మామా తొందరపెట్టినా, యజమాని బాబా కసిరినా సరే. ఊళ్ళో మీ బండెక్కే మీ పిల్లలకూ ఇదే పద్ధతి పాటించండి.